గడప ఎత్తు

జహీరాబాద్,
మార్చి 9, ఆదివారం మధ్యాహ్నం.

అత్తమ్మకు శరణు శరణార్థి.

ఇక్కడ మీ అబ్బాయి, మీ మనవరాలు, నేను ముగ్గురం బాగున్నాం. బాగా లేనిది ఇల్లొక్కటే, అదీ నా మూలంగానే. ముందు గదిలో ఎక్కడ చెయ్యి పెట్టినా ఇటుక పొడి అంటుతోంది. మంచాలు వెనక వరండాలోకి చేరాయి, పొయ్యి ఒక్కటి దాని చోట అది ఉంది. అక్కడ బీదర్‌లో శివలీల వదిన, అన్నయ్య, పిల్లలు కులాసాగా ఉన్నారని, మీకు తుంటి నొప్పి బాగా తగ్గిందని మీ ఉత్తరంలో చదివి సంతోషించాను.

శివరాత్రి అయిన మూడో రోజే అందింది మీ ఉత్తరం. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి నాలుగు పేజీలు ఒక్క కొట్టివేత లేకుండా రాసింది చూడండి అని మా స్కూల్లో పిల్లలకు చూపించాను. లోపలి సంగతులు చదవనివ్వలేదు లెండి, అక్షరాలు మాత్రమే. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీ అబ్బాయి నవ్వుతాడు. ఫోన్ చేస్తే వదిన స్పీకర్ పెడుతుంది. మీకు తప్ప ఇంట్లో అందరికీ వినపడుతుంది. ఇప్పుడు నేను రాసేది ముందు మీరొక్కరే చదవాలి. కళ్లజోడు పెట్టుకుని, తలుపు దగ్గరికి వేయించుకుని చదవండి. కోపం వచ్చినా మధ్యలో మడిచి దిండు కింద పెట్టకండి. చివరిదాకా చదవాలి. ఇది కోడలి మాట కాదు, టీచరమ్మ మాట అనుకోండి.

మీరు అడిగిన వరసలోనే జవాబులు చెబుతాను, లేకపోతే వచ్చే ఉత్తరంలో మళ్లీ అవే అడుగుతారు. మానస జుట్టు కత్తిరించుకోలేదు. కత్తిరించుకుంటానని మూడు రోజులు అన్నం దగ్గర అలిగింది. పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా ఆ ఊసెత్తొద్దని వాళ్ల నాన్న అన్నాడు. అయ్యాక నాన్నమ్మను అడుగు అని నేనన్నాను. ఆ గొడవ మీ మెడకే చుట్టాను. పెరట్లో కరివేపాకు చెట్టు పచ్చగా ఉంది. ఇసుక దించినవాళ్లు దాని మొదట్లోనే కుప్ప పోయబోతే నేను వెళ్లి చెట్టుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇల్లు మొత్తం కూలగొడ్తున్నరని శివలీలకు ఎవరో చెప్పిన్రట, నిజమేనా" అని అడిగారు. నిజం కాదు. కానీ అంతదాకా వచ్చి ఆగింది. మీ అబ్బాయి మోటారు దుకాణానికి ఫ్యాక్టరీ ఇంజనీరు భరత్ గారని ఒకాయన వస్తుంటాడు, విజయవాడ వైపు మనిషి. ఇల్లు చూడమని ఈయనే పిలుచుకొచ్చాడు. ఆయన గోడలన్నీ తట్టి, పైకప్పు గడ్డర్లూ బండలూ చూసి, "పాత కాలం పనండీ ఇదీ. పిల్లర్లు లేవు, బెల్టు లేదు. మరమ్మతు కంటే కొట్టేసి కొత్తది కట్టేసుకోండి, హాయిగా ఉంటుంది" అన్నాడు. మీ అబ్బాయి తల ఊపుడు చూడాలి. ఆయన గుమ్మం దాటాడో లేదో, "గట్లనే చేద్దాం శిల్పా, అవ్వకు కింద అర్ర, మనకు మీద" అని కాగితం మీద గీతలు మొదలుపెట్టాడు.

"కొత్తది కట్టాలంటే ఎన్ని దినాలు?" అన్నాను.

"ఏడాది, ఏడాదిన్నర."

"అప్పటిదంక అత్తమ్మ బీదర్‌లనేనా? నేనొప్ప."

ఆ కాగితాన్ని మడిచి నేనే దాచేశాను. ఇప్పటికీ వెతుక్కుంటున్నాడు పాపం.

ఆ తర్వాత కోహీర్ నుంచి సిద్దప్ప మేస్త్రీని పిలిపించాను. అరవై దాటినాయన. పాత ఇళ్లు బాగు చేయడమే ఆయన పని, కొత్తవి కట్టమంటే కట్టడు. సుత్తి పిడితో గోడలన్నీ కొడుతూ, చెవి ఆనించి వింటూ ఇల్లంతా తిరిగాడు. డాక్టరు వీపు మీద తట్టినట్టే తట్టాడు. రెండు గోడల్లో తప్ప దోషం లేదన్నాడు. ఆ రెంటికీ మనం బయట సిమెంటు పూయించాం కదా, అందుకే తేమ లోపల చిక్కుకుపోయిందట. ఆ పూత రాల్చి సున్నం వేయాలి. పెరటి గోడలోంచి ఒక ఇటుక తీసి బకెట్ నీళ్లలో వేసి వెళ్లాడు. మర్నాడు వచ్చి దాన్ని బయటికి తీసి, ఇంకో ఇటుకతో కొట్టి చూపించాడు.

"ఇన్నవా అమ్మా, ఎట్ల మోగుతుందో? ఇప్పటి ఇటుక నీళ్లల్ల ఏస్తే పొద్దుగాల్లకు బురదైతది. ఇది ఏ బట్టీదో గని మంచిగ కాలింది. దీన్ని కూలగొట్టకుండ్రి జర."

మామయ్య కోహీర్ బట్టీ నుంచే ఎడ్ల బండ్ల మీద తోలించాడని, కడుపులో శివలీల వదిన ఉండగా మా అత్తమ్మ ఇరవై ఒక్క రోజులు ఈ గోడలకు బిందెలతో నీళ్లు కొట్టిందని చెప్పాను. ఆయన ఇటుకను మెల్లగా కింద పెట్టాడు.

"మరి ఆమెను అడిగిన్రా?" అన్నాడు.

"అడిగిన."

"ఏమన్నది?"

"వద్దన్నది."

"అయ్యో! మరెట్ల?"

"రాసి ఒప్పిస్త, నువ్వు నీ పని చూడు" అన్నాను. నవ్వాడు. జూన్‌లో వచ్చే మిర్గం లోపల గోడల సున్నం పని ముగించాలని, అటుపైన వానలకు తాను పూచీ కాదని చెప్పాడు. అందుకే ఈ తొందర.

ఒక్క ఇటుక కూడా బయట పారేయడం లేదు, మీరు దాని గురించి ఫికర్ పెట్టుకోకండి. మీ అర్ర పక్కన జొన్న బస్తాలు పెట్టే చీకటి అర్ర ఉంది కదా, దాన్ని మీకు స్నానాల గది చేస్తున్నాం. అందులోనే కమోడ్. "అర్రలనే దొడ్డికి పోవుడా, ఛీ" అని మీరు రాశారు. పెరట్లోకి మూడు మెట్లు దిగి, వానలో గొడుగు పట్టుకుని, జారే బండల మీద నడిచి పోవడం కంటే ఆ ఛీ నయం. మధ్యలో తలుపు ఉంటుంది, గట్టి తలుపు. మీ అర్ర గుమ్మం రెండున్నర అడుగులే ఉంది. దాన్ని మూడడుగులు చేయాలి. పైన గోడ బరువంతా ఇటుకల మీదే కాబట్టి ముందు ఇనప దన్నులు పెట్టి, పైన రాతి పలక ఎక్కించి, ఆ తర్వాతే పక్క ఇటుకలు తీస్తారు. ఒక గుమ్మం పని పూర్తయ్యాకే ఇంకోదాన్ని ముట్టుకుంటానన్నాడు మేస్త్రీ. అలా తీసిన ఇటుకలతోనే స్నానాల గదికి అడ్డుగోడ లేస్తుంది.

ఇవన్నీ నా బుర్రలోంచి పుట్టినవి కావు. మీరు కుర్చీలో తిరిగితే ఎలా ఉంటుందో చూద్దామని పోయిన ఆదివారం మందుల దుకాణం వాళ్ల దగ్గర చక్రాల కుర్చీ ఒక రోజుకు తెచ్చుకున్నాను. అందులో కూర్చుని, కాళ్లు కింద పెట్టనని ఒట్టేసుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇల్లంతా తిరిగాను. తిరిగానని గొప్పకు రాస్తున్నాను గానీ, ముందు గదిలోంచి వంటింట్లోకి కూడా పోలేకపోయాను. ప్రతి గుమ్మం దగ్గరా గడపే. నాలుగంగుళాలు. మానస వెనక నుంచి తోస్తే ముందుకు పడబోయాను. మీ అర్రలో దీపం స్విచ్ నాకు అందలేదు. దేవుడి గూట్లో లింగయ్యకు దండం పెడదామంటే నా తల గూటి అడుగుకు కూడా రాలేదు. సాయంత్రానికి నడుము పట్టేసింది, కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎక్కడెక్కడ చెయ్యి అందిందో అక్కడల్లా సుద్దముక్కతో గీతలు గీశాను. ఆ గీతల దగ్గరే స్విచ్చులు, పట్టుకోవడానికి కడ్డీలు, దేవుడి గూడు అన్నీ వస్తాయి. లోపలి ఐదు గడపలూ తీసేస్తున్నాం. వాటికి మీరు ఒప్పుకున్నారు, మూడో పేజీలో ఉంది, నేను కింద గీత గీసి పెట్టుకున్నాను.

ఇక నాలుగో పేజీ. దానికి జవాబు రాయడానికే ఈ ఉత్తరం. మీరు మరిచిపోయి ఉండరు గానీ మళ్లీ రాస్తున్నాను:

"ఇంట్ల ఏమన్న చేసుకో బిడ్డా, తలవాకిలి కడప మాత్రం ముట్టకు. ఒక్కసారి దాన్ని చెక్కినందుకే నా తుంటి ఇరిగింది. మళ్ల ముడితే ఇంటికేమైతదో. నేను ఈడ్నే ఉంట. ఎముక అతికింది నడువుమని డాక్టర్ రోజూ చెప్తడు. ఎముక అతికితే ఏం లాభం, నా కాలే నాకు దగా చేసింది. నలభై ఆరేండ్లు దాటిన కడప ఎత్తు దానికి యాది లేకపాయె. ఇగ దాన్ని నమ్మి నేల మీద పెట్ట. నా అర్ర మానసకు ఇయ్యి."

చివరి వాక్యం చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ఏమైందని మానస అడిగితే ఉల్లిగడ్డలన్నాను. అప్పుడు నా చేతిలో ఉన్నది చింతపండు.

మీ అర్ర ఎవరికీ ఇవ్వను. మీరు ఈ ఇంటికి రావాలి. చక్రాల కుర్చీ కోసం అర్రలూ గుమ్మాలూ మారుస్తున్నాను, అది మీ ఓపిక తగ్గిన రోజుల కోసం. కానీ డాక్టరు నడవొచ్చన్న మనిషి పది నెలలుగా కాలు నేల మీద మోపకుండా ఉండటాన్ని నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో చెబుతాను. ఇది ముందు పేజీలోనే రాయాల్సింది. ఇటుకలూ సున్నమూ అంటూ ఇంతసేపు చుట్టూ తిరిగాను. మీ కోడలికి నోరు ఎక్కువ, ధైర్యం తక్కువ.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో అన్నయ్య వాళ్ల బంధువుల పెళ్లికని మీరు బీదర్ వెళ్లి పదిహేను రోజులు ఉన్నారు. ఆ పదిహేను రోజుల్లోనే ముందు గదికి టైల్స్ వేయించాను. మీరొచ్చేసరికి తళతళలాడాలని, మీరు నన్ను మెచ్చుకోవాలని. కొత్త టైల్స్ పక్కన తలవాకిలి గడప నాకు మరీ ముసలిగా కనిపించింది. ముప్పై ఏళ్ల పైన మామయ్య రోజూ సైకిల్‌ను దాని మీదుగా లోపలికి ఎక్కించి, దించి, నడిమిట్లో బొటనవేలంత లోతు పల్లం పడింది కదా. మా స్కూలు టీచర్లు ఇల్లు చూడటానికి వస్తామన్నారు. ఆ అరిగిన గడప వాళ్లకు చూపించడానికి నాకు నామోషీ అయింది. ఇప్పుడు ఈ మాట రాస్తుంటే అసలు నామోషీ ఏమిటో తెలుస్తోంది.

టైల్స్ వేసినతన్ని గడప మార్చమని అడిగాను. అతను రెండు చెవులూ పట్టుకున్నాడు. "వామ్మో, తలవాకిలి కడప నేను కొయ్య మేడం. ఆ పాపం నాకొద్దు. మీద గ్రానైట్ పట్టీ ఏద్దాం. మీద ఏస్తే ఏ దోషం లేదు" అన్నాడు. నాకూ బాగానే తోచింది. గడపకు గడప ఉంటుంది, పైన అందంగానూ ఉంటుంది. పల్లంలో సిమెంటు నింపి, పైన నల్ల గ్రానైట్ పట్టీ అతికించి, తలుపు అడుగున అంతమేర కోసి సర్దాడు. ఊళ్లో సగం ఇళ్లలో ఇలాగే చేశారు.

మీరు ఆదివారం సాయంత్రం వచ్చారు. మీ అబ్బాయి వీరేశ్ చెయ్యి పట్టుకుని దాటించాడు. మీరు వంగి పట్టీ మీద చెయ్యి రాసి, "మంచిగ మెరుస్తుంది బిడ్డా" అన్నారు. నాకు ఎంత సంతోషమైందో. సోమవారం పొద్దున వాకిట్లో నీళ్లు చల్లి, ఎప్పటిలాగే విభూతి పళ్లెం చేత పట్టుకుని లోపలికి వస్తున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. పళ్లెం కింద పడిన చప్పుడు ముందు వినపడింది, మీ కేక తర్వాత.

మర్నాడు దవాఖానలో, ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు మీరు నా చెయ్యి పట్టుకున్నారు. "శిల్పా, పట్టీ ఏసినంక కడప ఎత్తు పెరిగిందా? నేను కాలు సరిగ్గనే లేపిన, నాకు యాదున్నది" అని అడిగారు. మంచం పక్కన వదిన నా ముఖమే చూస్తోంది. వీరేశ్ కూడా ఉన్నాడు.

"లేదత్తమ్మా" అన్నాను. "చెక్కను అంత లోతు చెక్కి అండ్ల కూసోబెట్టిన్రు. ఎత్తు ఎప్పటిదే."

అత్తమ్మా, అది అబద్ధం. ఆ గడపను ఎవరూ చెక్కలేదు. ఒక్క నూలుపోగంత కూడా చెక్కలేదు. ఎత్తు పెరిగింది. పెంచింది నేను.

"కడప చెక్కిన్రా?" అని మీరు ముఖం గోడవైపు తిప్పుకున్నారు. నా మాట నమ్మారు కదా, గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ మాట మీ మనసులో ఎక్కడ పడిందో, పడి ఏమేం చేసిందో, మీ నాలుగో పేజీ చదివేదాకా నాకు తెలియదు. తప్పు నా నుంచి తీసి ఒకటి మీ కాలి మీద వేశాను, ఒకటి గడప మీద వేశాను. ఆపరేషన్ అయ్యాక వదిన వెంట బీదర్ వెళ్లిన మీరు ఆ రెండూ నిజమనుకుని ఇంటికి రావడమే మానేశారు.

ఎందుకు అబద్ధమాడానంటే భయపడి. కోడలు అత్త తుంటి విరగ్గొట్టిందని వీధి వీధంతా అంటుందని. వదిన ఇక ఈ గుమ్మం తొక్కదని. ఆ ఒక్క రోజు గట్టెక్కితే చాలనుకున్నాను, తర్వాత నెమ్మదిగా చెబుదామనుకున్నాను. రెండో రోజుకు ఇంకా కష్టమైంది. నెలకు అసలు చెప్పలేనంత అయింది. మీ అబ్బాయి మిమ్మల్ని "చూస్కొని నడువాలె గద అవ్వా" అని విసుక్కుంటుంటే నేను పక్కనే నిలబడి చాయ్ పోశాను. మీకు చూపు మందగించిందేమోనని వదిన అంటే, కళ్ల డాక్టరుకు చూపిద్దామన్నది నేనే. ఇప్పుడు మీరు పెట్టుకుని చదువుతున్న ఆ కళ్లజోడు కూడా నా అబద్ధం కొనిపెట్టిందే.

ఇది ఇప్పుడెందుకు బయటికి వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే నాకై నేనే బుద్ధి తెచ్చుకున్నానని అనుకుంటారు. మొన్న శుక్రవారం సిద్దప్ప మేస్త్రీ గడపలన్నీ కొలుస్తూ తలవాకిలి దగ్గరికి వచ్చాడు. కూర్చుని, పట్టీ అంచు కింద వేలు దూర్చి చూశాడు.

"ఇది ఎప్పుడు ఏసిన్రమ్మా?"

"పోయిన ఏడు."

"పెద్దమ్మ పడ్డదెప్పుడు?"

"పోయిన ఏడే."

"ఏసినంక ఎన్ని దినాలకు?"

ఆయన టేపు పెట్టి కొలిచాడు. "అంచుల్ల అంగుళం, నడిమిట్ల రెండున్నర" అన్నాడు, ఎవరికో చెబుతున్నట్టు. "అలవాటున్నోళ్లు కడపను కండ్లతోని దాటరమ్మా, కాలుతోనే దాటుతరు" అని లేచి, చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నిన్న శనివారం ఒంటిపూట బడి. ఇంటికి వచ్చి, చీర కుచ్చిళ్లు దోపుకుని, మేస్త్రీ సంచిలోంచి ఉలి, సుత్తి తీసుకున్నాను. నేను కొడతానని ఆయన లేచాడు. "నేనే ఏయించిన, నేనే తీస్త" అన్నాను. గంటన్నర పట్టింది. అరచేతిలో రెండు బొబ్బలు. పట్టీ మూడు ముక్కలై వచ్చింది. పల్లంలో సిమెంటు ఎంతకీ రాలేదు, మేస్త్రీ చెప్పినట్టు చెక్కకు తగలకుండా కొంచెం కొంచెం గీరాను. కింద గడప అలాగే ఉంది అత్తమ్మా. ఎక్కడా ఉలి గాటు లేదు. మీరు పూసిన పసుపు చెక్క చారల్లో ఇంకా ఉంది. మామయ్య సైకిల్ పల్లం ఉన్న చోటే ఉంది.

అప్పుడే వీరేశ్ అన్నానికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడిపోయాడు. పట్టీ ముక్కలు చూశాడు, పల్లం చూశాడు, నన్ను చూశాడు. చిన్నప్పటి నుంచి ఆ గడప దాటినవాడు, విడమర్చి చెప్పాల్సిన పని లేదు. అయినా మొదటి నుంచి అంతా చెప్పాను. మెట్టు మీద కూలబడ్డాడు.

"పది నెలల సంది అవ్వను నేనెన్ని మాటలన్న" అన్నాడు. "ఎందుకు చెప్పలే శిల్పా?"

"భయమైంది."

"నాకు భయపడ్డవా?"

"అందరికి."

అన్నం తినలేదు. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఈ పొద్దున నేను కాగితాలు తీసి కూర్చుంటే దగ్గరికి వచ్చి, "కమ్మి జేసి రాయకు. ఉన్నదున్నట్టు రాయి. నేన్ గూడ అవ్వను ఊకె తిట్టిన అని రాయి, నాకు సిగ్గయితుందని రాయి" అన్నాడు. రాశాను. ఆయన మాటలు ఆయనవే, నేను దిద్దలేదు.

క్షమించమని అడగను. అడిగితే మీరు వెంటనే "పోనీ తియ్ బిడ్డా" అంటారు. నా పెళ్లయినప్పటి నుంచి చూస్తున్నాను, మీకు అంతకంటే పెద్ద తిట్టు రాదు. ఈసారి అలా వదిలేయకండి. ఈ ఉత్తరం మంగళవారానికి అందుతుంది. ఆదివారం దాకా మీకు ఐదు రోజులుంటాయి. అన్ని రోజులూ కూర్చుని తిట్లు పోగు చేసుకోండి. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నేను, మీ అబ్బాయి బయల్దేరి వస్తున్నాం. వదినకు మీరు చెప్పకండి. ఆమె ముందు కూర్చుని నేనే చెబుతాను. ఆమె ఏమన్నా పడతాను. పడి, మిమ్మల్ని తీసుకునే ఇంటికి వస్తాను. ఇల్లు ఇంకా దుమ్ముగానే ఉంటుంది, ఫరవాలేదు. మీ అర్ర, వెనక వరండా కడిగించి పెడతాను. మిగిలిన పని మొత్తం మీ కళ్ల ముందే జరగాలి, ఇకపై నేను మీ వెనక ఒక్క ఇటుక కదిలించను.

తలవాకిలి దగ్గర పని ఆపించాను. ఆ గడప ఉంచాలా, తీయాలా, రెండు వైపులా చెక్క వాలు పెట్టాలా అన్నది మీరు వచ్చి చెప్పండి. మేస్త్రీ మూడింటికీ సిద్ధంగా ఉన్నాడు. నాకు ఏది ఇష్టమో నన్ను అడగకండి. ఆ గడప విషయంలో నా ఇష్టం ఒకసారి చెల్లింది, చాలు.

ఒక్క సంగతి మాత్రం మీరు నమ్మాలి. నా మాట ఒకసారి నమ్మి పది నెలలు పోగొట్టుకున్నారు, మళ్లీ నమ్మమని ఏ ముఖంతో అడగాలో తెలియదు. అందుకే మేస్త్రీ కొలతలు రాశాను, వీరేశ్‌ను సాక్ష్యం పెట్టాను. ఆ సోమవారం మీ కాలు సరిగ్గా లేచింది అత్తమ్మా. నలభై ఆరేళ్లు ఎంత ఎత్తు లేచిందో ఆ రోజూ అంతే లేచింది. దానికి అన్నీ యాదున్నాయి. అది మీకు దగా చేయలేదు. దవాఖానలో మీరు అడిగిందే నిజం, నేను చెప్పిందే అబద్ధం.

ఈ ఉత్తరం చదవడం అయ్యాక వదినను పిలిచి, పట్టుకోమని, ఆ కాలును ఒక్కసారి నేలకు ఆనించి చూడండి. నొప్పి పుడితే తీసేయండి. రేపు మళ్లీ ఆనించండి. ఆదివారం నేను వచ్చినప్పుడు మీ ముఖంలోకి చూసే ధైర్యం నాకు ఉండదు. ముందు మీ పాదాలే చూస్తాను, అవి కుర్చీ మీద ఉన్నాయా, నేల మీద ఉన్నాయా అని.

ఇట్లు,
తన తప్పు మీ కాలి మీద వేసిన మీ కోడలు,
శిల్ప.